చివరి బిందె

పదకొండో నెలలో మడదిబ్బ మళ్ళీ ఖాళీ అయింది.

తెర మీద పచ్చటి చుక్కలు ఒకటొకటిగా చెరువు గట్లు దాటి, రేవు దాటి, ఏటికి ఇవతలి శిబిరం వైపు వచ్చేస్తున్నాయి. ఒక్కో చుక్కా ఒక్కో మనిషి. సువర్చల చేతిలో టీ చల్లారిపోయింది.

"ఈసారి ఏం మార్చాం?" అంది.

"నీళ్ళు తోడే మోటార్లు పెట్టాం," అన్నాడు ఫిరోజ్. "పోయినసారి కూలి పెంచాం. అంతకుముందు మేత ఉచితంగా ఇచ్చాం. దానికి ముందు వడ్డీ లేని అప్పు. ఇక మనమే దగ్గరుండి వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు చెయ్యడం ఒక్కటే మిగిలింది."

"మోటార్లు పాడయ్యాయా?"

"పాడవలేదు. ఎవరూ స్విచ్చి వెయ్యలేదు."

సువర్చల లేచి తెర దగ్గరకు వెళ్ళింది. దిబ్బ మధ్యలో వందల చెరువులు నలుచదరపు గళ్ళలా కనిపిస్తున్నాయి. ప్రతి గడిలోనూ ఒకే అంకె. నీరు: సున్నా. సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు పెద్దతూము దాకా వచ్చి వెనక్కి పోతోంది. తూము తలుపు ఒక్కసారి పైకెత్తితే చాలు, కాలవ గుండా ఉప్పునీరు అన్ని చెరువుల్లోకీ వెళుతుంది. రొయ్యపిల్లలు వదలొచ్చు. ఆ తలుపును పది నెలలుగా ఎవరూ ఎత్తలేదు.

మడదిబ్బను ఎగువసీమ సైన్యం ఆక్రమించి ముప్ఫై ఏళ్ళు. అప్పుడు తరిమేసిన దిగువసీమ జనం ఏటి ఇవతల శిబిరంలోనే ఉండిపోయారు. ఇప్పుడు ఒప్పందం కుదిరింది. వచ్చే నెల సైన్యం వెనక్కి వెళుతుంది. సైన్యంతో పాటు అక్కడ స్థిరపడ్డ ఎగువ కుటుంబాలూ వెళతాయి. పోతూ పోతూ చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు పీక్కుపోకుండా, కరెంటు తీగలు తెంపకుండా సహాయ సంఘం వాళ్ళకు వెల కట్టి ఇచ్చేసింది. జనాన్ని మూడు విడతలుగా దించడం, ఇల్లు, చెరువు, మేత, పది నెలల బియ్యం, అన్నీ ప్రణాళికలో ఉన్నాయి.

ఆ ప్రణాళిక నిలబడుతుందో లేదో ముందుగా చూడటానికే ఈ నీడల యంత్రం. శిబిరంలో ప్రతి మనిషీ ఏడాది పాటు చేతికి ఒక పట్టీ కట్టుకున్నాడు. ఎప్పుడు లేచాడు, ఎక్కడ ఆగాడు, ఎవరితో మాట్లాడాడు, దేనికి కోపం తెచ్చుకున్నాడు, పట్టీ అన్నీ పట్టుకుంది. ఆ అలవాట్లతో యంత్రం లోపల అతని నీడ తయారైంది. అసలు మనిషి ఇంకా శిబిరంలో ఉండగానే, నీడ మడదిబ్బ మీద రాబోయే రోజులు బతికి చూపిస్తుంది.

ఏడుసార్లు బతికి చూపించింది. ఏడుసార్లూ బియ్యం ఆగిన మరుసటి నెలలో జనం మూటలు కట్టేశారు.

ఫిరోజ్ సాయంతో ఆ యంత్రాన్ని తయారుచేసిన పరిశోధకురాలు డాక్టర్ సువర్చలే. ఎక్కడ తప్పు ఉందో తెలియకపోతే ఆమెకు నిద్రపట్టదు. ఈసారి అది ఒక్కటే కాదు. ఆ పచ్చచుక్కల్లో ఒకటి ఆమె మేనమామ బులిరాజుది. అమ్మానాన్నా పోయాక ఆమెను శిబిరంలో పెంచి, చదివించి, హాస్టలుకు పంపిన మనిషి. చచ్చేలోగా మడదిబ్బ మీద నిలబడాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక.

---

ఆదివారం ఆమె శిబిరానికి వెళ్ళేసరికి బులిరాజు అరుగు మీద కూర్చుని కొబ్బరి తాడు పేనుతున్నాడు. మోకాలి పక్కన తాడు చుట్ట కొండచిలువలా పెరిగి ఉంది.

"ఏమ్మే కోడలా, దారి తప్పొచ్చావా?"

"తాడు దేనికి మావయ్యా?"

"తూము తలుపుకి. మా నాన్న పేనిన తాడు ఆ ఎగువోళ్ళు ఉంచుంటారా ఏంటి? ముప్పయ్యేళ్ళు. ఏ గేదెకో కట్టేసుంటారు."

బులిరాజు తండ్రి దిబ్బ మీద పెద్దతూము కాపరి. ఇప్పుడు ఆ పని కొడుక్కి వచ్చింది. యంత్రంలో తలుపు ఎత్తని చెయ్యి కూడా ఆయనదే.

అసలు సంగతి శిబిరంలో చెప్పకూడదు. చెబితే మనుషులు మారిపోతారు, నీడలు పనికిరాకుండా పోతాయి. అందుకని సువర్చల చుట్టుతిరిగి అడిగింది. "దిబ్బకి వెళ్ళగానే తూము ఎత్తేస్తావా మావయ్యా? లేకపోతే మంచి ముహూర్తం చూస్తావా?"

"ముహూర్తమా? పోటు రాగానే ఎత్తేత్తాను. నీరు ముహూర్తం సూసుకునొత్తాదా?"

"ఒకవేళ ఎత్తాలనిపించకపోతే?"

బులిరాజు పేనడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "హాస్టలు తిండి తిని తిని నీకు బుర్ర మందగించిందే. ముప్పయ్యేళ్ళు ఎదురుసూసి, ఎల్లి, తలుపు ఎత్తకుండా గట్టు మీద కూకుంటానా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కాళ్ళు కడుక్కుందామని వీధి కొళాయి దగ్గరకు నడిచింది. మధ్యాహ్నం నీళ్ళు వచ్చే వేళ. బిందెలు వరసగా ఉన్నాయి. ఆమె కొళాయి మర మీద చెయ్యి వేయగానే వెనక నుంచి ఎవరో అన్నారు: "ఆగమ్మాయ్. నాంచారమ్మ బిందె రాలేదు."

సువర్చల చెయ్యి తీసేసింది. కాసేపటికి వీధి చివరింట్లోంచి నాంచారమ్మ బిందె చంకనేసుకుని కుంటుకుంటూ వచ్చింది.

"నాకోసం ఆగమని నేనేవన్నా అర్జీ పెట్టానా?" అంటూనే బిందెను వరస చివర దభీమని పెట్టింది. "ఆగి మరీ మొకాలు మాడ్చుకుంటారు."

"నీ మొకం సూద్దారనే పిన్నీ," అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. ఎవరో కొళాయి తిప్పారు. సువర్చల కాళ్ళు కడుక్కుని, మామయ్య వండిన పులుసు తిని, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయింది.

---

సహాయ సంఘం అధ్యక్షుడు త్రివిక్రమరావు మితభాషి. పై దేశాల నుంచి వచ్చిన డబ్బుకు జవాబు చెప్పాల్సింది ఆయనే. ఏడు పరీక్షల ఫలితాలు చదివి కళ్ళజోడు తీశాడు.

"యంత్రం మీరు చేసిందే, సువర్చల గారూ. అది వద్దంటోంది."

"అది వద్దనడం లేదు సార్. వాళ్ళు ఉండరు అంటోంది. ఎందుకో చెప్పడం లేదు."

"ఎందుకో తెలియకుండా నేను జనాన్ని పడవలెక్కించలేను. ఏడాది తర్వాత ఆకలితో వెనక్కి వస్తే? అప్పటికి శిబిరం కూడా ఉండదు. మిగతా సభ్యుల ఆలోచన ఏమిటంటే, దిబ్బను కొంతకాలం ఖాళీగా ఉంచి, ఆ డబ్బుతో శిబిరంలోనే పక్కా ఇళ్ళు కట్టిద్దామని."

"కొంతకాలం అంటే?"

"కారణం దొరికేదాకా."

"దొరక్కపోతే?"

ఆయన ఫలితాల కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. ఖాళీగా ఉన్న నేల ఎంతకాలం ఖాళీగా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. ఎగువ సైన్యం ఏడాదిలో ఏదో ఒక వంక పెట్టుకుని తిరిగి వస్తుంది.

"ఒక నీడను ప్రశ్నించడానికి అనుమతివ్వండి," అంది సువర్చల.

త్రివిక్రమరావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ప్రశ్నిస్తే ఆ నీడ చెడిపోతుందని మీరే రాశారు."

"అవును సార్. బయటి మనిషితో మాట్లాడిన నీడకు తాను నీడనని అనుమానం వస్తుంది. ఆ తర్వాత అది అసలు మనిషిలా నడుచుకోదు. చెరిపెయ్యాలి. మళ్ళీ చెయ్యాలంటే ఇంకో ఏడాది పట్టీ కట్టాలి."

"ఒక్కదాన్ని. శుక్రవారం లోపల."

ప్రయోగశాలకు వచ్చి చెప్పగానే ఫిరోజ్ అడిగాడు. "ఎవర్ని?"

"బులిరాజు మావయ్యని."

"బంధువుల్ని అడగకూడదని నియమం పెట్టింది మీరే."

"తూము ఎవరి చేతిలో ఉంది?"

ఫిరోజ్ తల గోక్కున్నాడు. "ఆయన చేతిలోనే."

"నాతో అబద్ధం ఆడని మనిషి కూడా ఆయనే."

"చెరిపేశాక ఆయన గురించి యంత్రం ఇంకేమీ చెప్పదు డాక్టరమ్మా. మడదిబ్బ మీద అందరి రేపూ కనిపిస్తుంది, ఆయనది తప్ప. అది కూడా ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకుంది. తర్వాత నీడల లోకంలోకి తీసుకెళ్ళే నల్లటి కళ్ళద్దాలు తగిలించుకుంది.

---

వాన పడుతోంది.

మడదిబ్బను ఆమె ఎప్పుడూ చూడలేదు. అక్కడ పుట్టి, నెలల పిల్లగా ఉండగా ఏరు దాటింది. సర్వేవాళ్ళు గట్టూ చెక్కా తట్టి చూసి తెచ్చిన కొలతలతో యంత్రం చూపిస్తున్న దిబ్బ నిజంగా ఇలాగే ఉంటుందా అని చుట్టూ చూసింది. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చాయి. చెరువులన్నీ అడుగున నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లో వాననీరు మెరుస్తోంది. గట్టు మీద పెద్దతూము. పక్కన గోనెసంచి నెత్తిన కప్పుకుని బులిరాజు.

చిక్కిపోయి ఉన్నాడు. చెయ్యి మాత్రం తూము తాడు మీదే ఉంది.

"ఒచ్చావా కోడలా," అన్నాడు. "ఇన్నాళ్ళకి."

"పోటు వచ్చింది కదా మావయ్యా. తలుపు ఎత్తలేదేం?"

"ఎత్తాలి."

"ఎత్తు మరి."

ఆయన తాడు బిగించాడు. మళ్ళీ వదిలేశాడు. గట్టు వెంట, రేవు వైపు చూశాడు. ఎవరూ లేరు. సువర్చల కూడా అటు చూసింది. ఒక మనిషి తనకే తెలియకుండా ఎటు చూస్తాడో కనిపెట్టడం ఆమె వృత్తి. బులిరాజు మూడోసారి కూడా అటే చూశాడు.

"ఎవరి కోసం చూస్తున్నావు?"

"నాంచారు ఒచ్చిందేమోనని. నీ కూడా రాలేదా?"

"నాంచారమ్మదీ ఆ వీధి వాళ్ళదీ మూడో విడత కదా. సరిహద్దు పక్క పొలాల్లో మందుపాతరలు తీసేదాకా ఏడాది పైన పడుతుంది."

"అదే," అన్నాడు బులిరాజు. "ఆళ్ళు రానీ."

అంతే. అంత మామూలుగా అన్నాడు. సువర్చలకు కొళాయి మర మీద తన చెయ్యి గుర్తొచ్చింది. ఎవరో ఆగమంటే ఎందుకని అడగకుండా తీసేసిన చెయ్యి. శిబిరానికి తొలి రోజుల్లో నీళ్ళ బండి వచ్చినప్పుడు ముందున్నవాళ్ళు పట్టేసుకుంటే వీధి చివరివాళ్ళకు చుక్క మిగిలేది కాదట. కొట్టుకున్నారట. అప్పట్నుంచీ చివరి బిందె వరసలోకి వచ్చేదాకా ఎవరూ కొళాయి తిప్పరు. ఎవరూ పెట్టిన చట్టం కాదు. అందులోనే పుట్టి పెరిగిన పిల్లలకు అదొక నియమమని కూడా తెలియదు.

వాళ్ళు ఈ తూమును కూడా కొళాయిలాగే చూస్తున్నారు. ప్రణాళిక వాళ్ళను మూడు విడతలు చేసింది. మొదటి విడత వాళ్ళు మూడో విడత కోసం ఆగారు. ఎందుకు ఆగారో వాళ్ళకే తెలియదు.

"కోడలా," అన్నాడు బులిరాజు.

"ఊఁ?"

"ఇంత వాన పడతంది. నువ్వు తడవట్లేదేంటి?"

ఆమె చేతుల వైపు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. ఆయన దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. చెయ్యి ఆమెలోంచి వెళ్ళిపోయింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. తాడు ఒరుసుకుని కాయలు కాచిన చెయ్యి.

"ఆ పట్టీ కట్టినప్పుడే అనుకున్నాను," అన్నాడు. "అయితే అసలోడు ఇంకా అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు మావయ్యా. అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు."

"ఆడు నయం." కొంచెం నవ్వాడు. "ఆడికి సెప్పు. తలుపు కింద సెక్క పుచ్చిపోయింది. ఎగువోళ్ళు పైన రంగేసి ఒదిలేశారు. రెండు పోట్లకి ఊడిపోద్ది. మంచి తుమ్మసెక్క ఒకటి అట్టుకెళ్ళమను."

"చెబుతాను."

"నన్నిప్పుడు తీసేత్తారా?"

సువర్చల తల ఊపింది.

"వాన తగ్గేదాకా ఉండనీ," అన్నాడాయన. గోనెసంచి సర్దుకుని గట్టు మీద కూర్చున్నాడు. పోటు నీరు తలుపును తాకి గలగలలాడుతోంది. ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళద్దాలు తీసేసరికి ఫిరోజ్ చెరిపే మీట దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. తెర మీద వాన పూర్తిగా తగ్గాకే తీసింది.

---

"నమ్మమంటారా?" అన్నాడు త్రివిక్రమరావు. "ఇంత డబ్బు, ఇంతమంది నిపుణులు. చివరికి ఒక ముసలామె రాలేదని ఊరంతా ఆకలితో ఉంటుందా?"

"నమ్మొద్దు సార్. పరీక్షించి చూద్దాం. విడతలు తీసేసి అందర్నీ ఒకే రోజు దించుదాం."

"మూడో విడత పొలాల్లో మందుపాతరలున్నాయి."

"పొలాల్లోకి వెళ్ళక్కర్లేదు. మిగతావాళ్ళ పక్కనే పాకలు వేసుకుంటారు."

"ఇళ్ళ డబ్బు ఏటా కొంత చొప్పునే వస్తుంది, అందరూ ఒకేసారి వస్తే పక్కా ఇళ్ళకు చాలదు. అందరికీ టార్పాలిన్లే గతి."

"అలాగే చూద్దాం."

ఎనిమిదో పరీక్షలో బులిరాజు బదులు ఇంకొకరి నీడ తాడు పట్టింది, మొదటి పోటుకే తూము తలుపు లేచింది. గళ్ళన్నీ ఒకదాని తర్వాత ఒకటి నీలంగా మారాయి. పదకొండో నెల వచ్చింది, వెళ్ళిపోయింది. ఒక్క చుక్క కూడా రేవు దాటలేదు. ఫిరోజ్ కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. త్రివిక్రమరావు తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, చిన్నపిల్లాడిలా నీలం గళ్ళను చూస్తూ ఉండిపోయాడు.

"ఇది మరి?" అని ఒకచోట వేలు పెట్టాడు.

తుఫాను నెల. టార్పాలిన్ల కింద ఉన్న చుక్కల్లో నాలుగు ఆరిపోయాయి.

"పేర్లు చూడనా?" అన్నాడు ఫిరోజ్.

"వద్దు," అంది సువర్చల.

మర్నాడంతా త్రివిక్రమరావు తన గది తలుపు వేసుకున్నాడు. సంఘం కార్యాలయ భవనం, అధికారుల బండ్లు, ప్రారంభోత్సవం, అన్నీ కొట్టేసి, ఆ డబ్బుతో దిబ్బ మధ్యలో ఒక గట్టి తుఫాను షెడ్డు పెట్టాడు. మళ్ళీ పరీక్షించారు. ఈసారి ఆరిపోయిన చుక్క ఒక్కటే.

"ఇంతకంటే తగ్గదు," అన్నాడాయన. "ఎక్కడ పెంచినా ఇంకెక్కడో తగ్గుతోంది."

"వాళ్ళకు చెప్పాలి సార్. వెళ్ళేది వాళ్ళు."

శిబిరంలో మైకు పెట్టి చెప్పారు. అందరూ ఒకేసారి వెళ్ళొచ్చు. ఇళ్ళుండవు. తుఫానులో ఒక ప్రాణం పోవచ్చు, ఎవరిదో చూడలేదు. ఉండిపోదలచినవాళ్ళు ఉండిపోవచ్చు. బిందెల సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే అలవాటు అలవాటుగా ఉండదు.

బులిరాజు అరుగు మీదే ఉన్నాడు. తాడు పూర్తయింది. సువర్చల పక్కన కూర్చుని, ఆయన నీడతో మాట్లాడానని, చెరిపేశానని చెప్పేసింది. ఎందుకు తూము ఎత్తలేదన్నది ఒక్కటీ దాచింది. మొదటి విడత వాళ్ళు మిగతావాళ్ళను ఇక్కడే వదిలేసి వెళ్ళిన ప్రణాళిక అదనీ, అది చెడిపోయిందనీ మాత్రం చెప్పింది.

బులిరాజు అంతా విన్నాడు. "ఏం సెప్పాడే ఆడు?"

"తలుపు కింద చెక్క పుచ్చిపోయిందట. తుమ్మచెక్క తెచ్చుకోమన్నాడు."

"తెలివైనోడే." మోకాలు రుద్దుకున్నాడు. "మరి ఆ ఆరిపోయే సుక్క నేనేనా?"

"నీ చుక్కే లేదు మావయ్యా. నీకేమవుతుందో నాకు తెలీదు. నీ ఒక్కడి సంగతే తెలీదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇక్కడ ఉండిపోకూడదూ? నేనొచ్చి చూసుకుంటాను."

"సుక్క లేదంటే నాకు సావు లేదనే గదా," అన్నాడు బులిరాజు. "ఎవడెళ్ళినా ఎళ్ళకపోయినా నేనెళ్ళొచ్చు. లే. అన్నం తిందాం."

ఉండిపోతామని శిబిరంలో ఎవరూ పేరివ్వలేదు.

---

వెళ్ళే రోజు ఏటి మీద పడవలు పొద్దున్నుంచీ బారులు తీరాయి. అవతలి ఒడ్డున ఎగువ కుటుంబాలు చివరి లారీలు ఎక్కుతున్నాయి. ఒకామె వెనక్కి వచ్చి పైకప్పు రేకులు విప్పేసుకున్న తన ఇంటి ముందు బంతి మొక్కలకు చెంబుతో నీళ్ళు పోసి మళ్ళీ లారీ ఎక్కింది. ఆ గోడల మధ్య టార్పాలిన్ కట్టుకోబోయే మనిషి అక్కడే మూట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. లారీ కదిలాక అతను ఆ మొక్కలకు దడి కట్టడం మొదలుపెట్టాడు.

మడదిబ్బ యంత్రంలో చూసినట్టే ఉంది. కాకపోతే వాసన వేరు. ఉప్పూ, బురదా, ఎండిన నాచూ కలిసిన వాసన. యంత్రానికి వాసన నేర్పలేదని సువర్చల మనసులో రాసుకుంది.

సామాన్లలో ముందుగా దిగినవి బిందెలు. ఎవరూ చెప్పకుండానే గట్టు మీద వరసగా పెట్టారు, శిబిరంలో ఇళ్ళున్న వరసలోనే. బులిరాజు పుచ్చిన చెక్క ఊడదీసి, తెచ్చిన తుమ్మచెక్క బిగించి, కొత్త తాడు కట్టాడు. పోటు నీరు వచ్చి తలుపును తాకింది. జనమంతా గట్టెక్కారు. త్రివిక్రమరావు చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తలుపు లేవగానే పై దేశాలకు కబురు పంపాలి.

తలుపు లేవలేదు.

బులిరాజు తాడు పట్టుకునే ఉన్నాడు. జనం కబుర్లు చెప్పుకుంటున్నారు. నీరు నురగతో తలుపు పైదాకా వచ్చి ఆగింది. ఇక దిగడం మొదలైతే మళ్ళీ చెరువులన్నిటినీ నింపేంత పెద్ద పోటు పదిహేను రోజులకు గానీ రాదు. పడవలో తెచ్చిన రొయ్యపిల్లలు అన్నాళ్ళు బతకవు.

ఫిరోజ్ సువర్చల చెవి దగ్గర అన్నాడు. "వరస చూడండి."

వరస చివర ఒక బిందె జాగా ఖాళీగా ఉంది. నాంచారమ్మ పడవను చెక్‌పోస్టు దగ్గర ఆపేశారట. ఆమె వేలిముద్ర అక్కడి యంత్రానికి అందలేదట. ముప్ఫై ఏళ్ళు బిందె మోసి వేళ్ళు అరిగిపోయాయి.

"యంత్రం ఏడుసార్లు చూపించిందే జరుగుతోంది," అన్నాడు త్రివిక్రమరావు. "మీరెళ్ళి చెప్పండి. ఎత్తమనండి."

సువర్చల గట్టు వెంట నడిచింది. ఎత్తమని అనలేదు. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "మావయ్యా, దేనికి ఆగావు?"

బులిరాజు తాడు వైపు చూశాడు. రేవు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు. తన ఒంటి మీద ఎప్పట్నుంచో ఉన్న పుట్టుమచ్చను ఎవరో చూపించినట్టు ఆశ్చర్యపోయాడు.

"అదేంటే. నాంచారు రాలేదు గదా."

"ఇది కొళాయి కాదు మావయ్యా."

"కాదు," అన్నాడు. నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టాడు. "కాదు గదా. ఇదేంటి, మనమంతా ఇలా నిలబడ్డాం?" వెనక్కి తిరిగి గట్టిగా అడిగాడు. "నాంచారు ఎక్కడుందిరా?"

"పోస్టు కాడ. అక్కడున్నోళ్ళని తిడతందంట. సాయంకాలానికి ఒదుల్తారంట," అని ఎవరో అరిచారు.

"ఒత్తందిగా మరి."

బులిరాజు తాడు సువర్చల చేతికిచ్చాడు. తన మూట విప్పి, అందులోంచి తన రెండో బిందె తీశాడు. పాత ఇత్తడి బిందె, ఒక పక్క సొట్ట. గట్టు వెంట చివరిదాకా నడిచి, ఖాళీ జాగాలో పెట్టాడు. తిరిగొచ్చి తాడు అందుకున్నాడు. నలుగురు మగవాళ్ళు వచ్చి ఆయన వెనక తాడు పట్టారు. తలుపు కిర్రుమంటూ లేచింది. నీరు కాలవలో పడి, మలుపు తిరిగి, మొదటి చెరువు అడుగున నెర్రెల్లోకి పాకింది. పిల్లలు దాని వెంట పరుగెత్తారు.

త్రివిక్రమరావు ఫోను ఎత్తాడు గానీ, కబురు పంపడం మర్చిపోయి నీటినే చూస్తున్నాడు.

"అంటే యంత్రం తప్పు చెప్పిందా?" అన్నాడు ఫిరోజ్. "ఆమె బిందె వీళ్ళే పెట్టగలిగినప్పుడు, నీడలు ఎందుకు పెట్టలేదు? ఇన్ని ఇళ్ళు పోగొట్టుకున్నాం."

సువర్చల ఆ ప్రశ్న తీసుకుని బులిరాజు దగ్గరకు నడిచింది. మామయ్యనే అడిగింది. ఇక దాచాల్సిన పని లేదు గనక యంత్రంలో తూము ఎందుకు లేవలేదో మొత్తం చెప్పింది.

బులిరాజు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఆలోచించాడు.

"శిబిరంలో కూడా ఎవరికైనా జొరమొత్తే పక్కోళ్ళం పెట్టేవోళ్ళం బిందె," అన్నాడు. "ఒత్తన్న మనిషికి పెడతాం కోడలా. ఆ యంత్రంలో ఆళ్ళని శిబిరంలోనే ఒదిలేసి ఎల్లిపోయామన్నావు గదా. ఒదిలేసొచ్చిన మనిషి బిందె ఏ మొకం పెట్టుకుని పెడతాం?"

సాయంత్రం నాంచారమ్మ పడవ దిగింది. చెరువులన్నీ నిండి ఎర్రటి ఎండలో మెరుస్తున్నాయి. ఆమె అవేవీ చూడలేదు. కుంటుకుంటూ గట్టెక్కి వరస చివరికి వెళ్ళి, సొట్ట బిందె దగ్గర ఆగింది.

"ఈ సొట్టదాన్ని నాదని ఎవడు పెట్టాడ్రా?" అంది.

దాన్ని కాలితో పక్కకు జరిపి, చంకలోని తన బిందెను ఆ జాగాలో దభీమని పెట్టింది.